పాత డచ్ సినిమాల్లో ప్రేమకు అడ్డొచ్చే మతం: ముందు ఎవరిది ఏ చర్చో తేల్చుకోండి

ప్రశ్న క్లుప్తంగా ఇది: "మతం అడ్డొచ్చిన ప్రేమకథలు పాత డచ్ సినిమాల్లో బాగుంటాయని విని రెండు మూడు చూశాను. సబ్‌టైటిల్స్ ఉన్నా అసలు గొడవ దేనికో అందలేదు. అందరూ క్రైస్తవులే కదా, మరి అడ్డేమిటి? ఎక్కడ మొదలుపెట్టాలి, ఏం గమనించాలి, ఏ కాపీ కొనాలి, ఇంట్లో పిల్లలతో చూడొచ్చా?"

"అందరూ క్రైస్తవులే కదా" అనుకున్న చోటే చిక్కు పడింది. మన సినిమాలో ప్రేమకు అడ్డం కులమో ఆస్తో అయితే ఆ సంగతి మొదటి పది నిమిషాల్లో ఇంటి గేటూ, ఇంటిపేరూ చెప్పేస్తాయి. డచ్ సినిమాలో ఆ పని భోజనం బల్ల చేస్తుంది. తినేముందు నుదుటి నుంచి ఛాతీ మీదకి సిలువ గుర్తు వేసుకున్నారంటే కాథలిక్ ఇల్లు, మన భాషలో ఆర్‌సీఎం వాళ్ళు. సిలువ గుర్తు లేకుండా చేతులు కట్టుకుని కళ్ళు మూసుకుని, తిన్నాక ఇంటాయన బైబిల్ తీసి ఒక భాగం చదివి, మళ్ళీ కృతజ్ఞతా ప్రార్థన చేసేదాకా ఎవరూ కుర్చీ జరపలేదంటే ప్రొటెస్టెంట్ ఇల్లు, అందులోనూ గట్టి రకం. బల్ల మీద ఏమీ జరగకుండా తినేస్తే సోషలిస్టులో, మతం వదిలేసినవాళ్ళో. సినిమా మొదలైన ఇరవై నిమిషాల్లోపు ప్రతి ముఖ్య పాత్ర పక్కనా ఈ మూడింట్లో ఏదో ఒకటి కాగితం మీద రాసుకోండి. ఎవరు ఎవర్ని ప్రేమించారన్నది తర్వాత చూసుకోవచ్చు.

సబ్‌టైటిల్స్ ఇక్కడ సాయం చేయకపోగా దారి తప్పిస్తాయి. డచ్‌లో 'పస్తోర్' అంటే కాథలిక్ విచారణ గురువు, మనం ఫాదర్‌గారు అనే మనిషి. మన చెవికి అది 'పాస్టరు' లాగా వినపడుతుంది, వెంటనే ప్రొటెస్టెంట్ అనుకుంటాం. పాస్టరుగారిని వాళ్ళు 'దోమినే' అంటారు. 'కపెలాన్' అంటే ఫాదర్‌గారి కింద పనిచేసే చిన్న ఫాదర్. ఇంగ్లీషు సబ్‌టైటిల్స్‌లో వీళ్ళంతా ఒకే మాటలో కలిసిపోతుంటారు కాబట్టి, అక్షరాలు చదువుతూనే చెవి ఒకటి డచ్ మీద ఉంచాలి.

ఇంతకంటే పెద్ద ఉచ్చు 'కన్‌ఫెషన్'. డచ్‌లో దానికి వేర్వేరు మాటలున్నాయి. 'బీఖ్ట్' కాథలిక్ పాపసంకీర్తనం: చెక్క పెట్టె, జాలీ, అవతల గురువు, విన్నది బయటికి పొక్కదు. 'బెలైడెనిస్' ప్రొటెస్టెంట్ యువతీయువకులు సంఘం ముందు నిలబడి విశ్వాసం ఒప్పుకునే వేడుక, అందులో పాపం మాటే లేదు. ఇంకొకటి 'స్ఖుల్డ్‌బెలైడెనిస్', సంఘం ముందు తప్పు ఒప్పుకోవడం. పెళ్ళికి ముందే గర్భం వస్తే గట్టి సంఘాల్లో ఆ జంట ఆదివారం అందరి ముందూ ఏడో ఆజ్ఞ మీరామని ఒప్పుకోవాల్సి వచ్చేది. ఈ మూడింటికీ కింద ఒకే ఇంగ్లీషు మాట పడితే, రహస్యంగా చెప్పుకున్నదానికీ ఊరందరి ముందు తల వంచినదానికీ తేడా చూసేవాళ్ళకు చేరదు.

ఏడో ఆజ్ఞ అన్నాను కదా, అక్కడా ఒక మెలిక ఉంది. వ్యభిచరించరాదన్న ఆజ్ఞ కాల్వినిస్టు (కాల్విన్ బోధను అనుసరించే, డచ్ ప్రొటెస్టెంట్లలో ప్రధానమైన శాఖ) లెక్కలో ఏడోది, కాథలిక్ లెక్కలో ఆరోది. డచ్ సినిమాలో ఒక పాత్ర "ఆరోది" అని సిగ్గుపడి, ఇంకో పాత్ర "ఏడోది" అని గొంతు పెంచితే ఇద్దరూ మాట్లాడేది ఒకే తప్పు గురించి. మన దగ్గరా ఈ తేడా ఉంది: లూథరన్ల లెక్క కాథలిక్‌లతో కలుస్తుంది కాబట్టి గుంటూరు లూథరన్ ఇంట్లో అది ఆరో ఆజ్ఞ, ఒంగోలు బాప్టిస్టు ఇంట్లో ఏడోది.

ప్రొటెస్టెంట్లలో అప్పట్లో మళ్ళీ రెండు పెద్ద గుంపులు. 'హెర్‌ఫోర్మ్ట్' పాత జాతీయ చర్చి వాళ్ళు, కాస్త సడలింపు ఎక్కువ. 'ఖెరెఫోర్మేర్ట్' 1834లో ఒకసారి, 1886లో మతపండితుడు ఆబ్రహామ్ కౌపర్ నాయకత్వంలో ఇంకోసారి ఆ చర్చి నుంచి విడిపోయి, 1892లో చాలామంది ఒక్కటైనవాళ్ళు. ఇంగ్లీషులో రెండూ ఒకే మాట అయిపోతాయి. కౌపర్ 1898లో అమెరికాలోని ప్రిన్స్‌టన్‌లో ఇచ్చిన ప్రసంగాల్లో పేకాట, నాటకశాల, నాట్యం ఈ మూడూ విశ్వాసికి దాటరాని గీతలని చెప్పాడు. సినిమాహాలు వచ్చాక అదీ నాటకశాల ఖాతాలోకే వెళ్ళింది. సినిమాలో ఖెరెఫోర్మేర్ట్ అబ్బాయి సినిమాకి వెళ్ళాడంటే టిక్కెట్టు కొన్నప్పుడే మొదటి గీత దాటేశాడన్నమాట.

ఇక ఆ కాలపు భూగోళం. రైన్, మాస్ నదులకు దక్షిణాన ఉన్న బ్రబాంట్, లింబుర్ఖ్ కాథలిక్. ఉత్తరం ఎక్కువగా ప్రొటెస్టెంట్. జేలండ్ నుంచి ఏటవాలుగా ఈశాన్యానికి పోయే బైబిల్ పట్టీ మరీ గట్టిది. అయితే ఫోలెండామ్ కాథలిక్, దానికెదురుగా 1957 దాకా ద్వీపంగా ఉన్న మార్కెన్ ప్రొటెస్టెంట్. ఒకే చేపలు, ఒకే గాలి, సంబంధాలు మాత్రం కలుపుకునేవారు కాదు. సరిహద్దు దాటి బెల్జియంలోని ఫ్లాండర్స్‌కి వెళితే అక్కడా డచ్ భాషే, కానీ ఊళ్ళకు ఊళ్ళు కాథలిక్. అందుకే ఫ్లాండర్స్ సినిమాలో కాథలిక్–ప్రొటెస్టెంట్ ప్రేమ వెతికితే దొరకదు. అక్కడ అడ్డుగోడ కాథలిక్‌కీ సోషలిస్టుకీ మధ్య, ఫ్రెంచి మాట్లాడే దొరకీ ఫ్లెమిష్ కూలీకీ మధ్య, లేదా గురువు తొడుక్కున్న అంగీకీ ఒంటికీ మధ్య ఉంటుంది. అడిగినవారికి అందకపోవడానికి సగం కారణం ఈ రెండు దేశాల సినిమాల్ని ఒకే గాటన కట్టి చూడటమే అయి ఉండాలి.

పెళ్ళి నియమం ఏమిటో కూడా తెలియాలి, లేకపోతే "లేచిపోయి రిజిస్టర్ మ్యారేజ్ చేసుకోవచ్చుగా" అనిపిస్తుంది. చేసుకోవచ్చు, నెదర్లాండ్స్‌లో చట్టం దృష్టిలో చెల్లేది టౌన్‌హాల్ పెళ్ళే. చర్చి దగ్గరికొచ్చేసరికి కథ మారుతుంది. 1907లో రోమ్ ఇచ్చిన 'నె తెమెరె' ఆజ్ఞ 1908 ఈస్టర్ నుంచి అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం కాథలిక్ మనిషి గురువు ముందు కాకుండా ఇంకెక్కడ పెళ్ళి చేసుకున్నా అది చర్చి లెక్కలో పెళ్ళే కాదు. ప్రొటెస్టెంట్‌ని చేసుకోవడానికి మినహాయింపు కావాలంటే పుట్టబోయే పిల్లలందరినీ కాథలిక్‌లుగా పెంచుతామని ఇద్దరూ మాటివ్వాలి. అవతల దోమినే ముందు అదే మాట ద్రోహం. ఈ నియమం 1966లో కాస్త, 1970లో బాగా సడలింది. "రెండు మతాలు ఒకే దిండు మీద పడుకుంటే మధ్యలో సైతాను పడుకుంటాడు" అని డచ్ సామెత, సినిమాల్లో పెద్దవాళ్ళ నోట సగమే వినిపిస్తుంటుంది. మిగతా సగం అక్కడి ప్రేక్షకులు పూరించుకుంటారు. ఇది పల్లెటూరి ఛాదస్తం అనుకోకండి. కాథలిక్‌గా మారిన డచ్ యువరాణి ఇరేనె 1964లో కాథలిక్ రాకుమారుణ్ణి రోమ్‌లో పెళ్ళాడితే సింహాసనం వరసలో ఆమె స్థానం పోయింది, పుట్టింటివాళ్ళెవరూ పెళ్ళికి వెళ్ళలేదు.

ఇంటి గోడలు కూడా మతం ప్రకారమే కట్టి ఉండేవి. బడి, పత్రిక, యూనియన్, ఆఖరికి రేడియో కూడా ఎవరిది వారిదే: కాథలిక్‌లకు కేఆర్‌ఓ, ప్రొటెస్టెంట్లకు ఎన్‌సీఆర్‌వీ, సోషలిస్టులకు వారా. ఈ ఏర్పాటుని 'స్తంభాలు' అంటారు. 1954లో కాథలిక్ బిషప్‌లు సోషలిస్టు యూనియన్‌లో చేరితే చర్చి దివ్యసంస్కారాలు ఇవ్వబోమని, వారా రేడియో అలవాటుగా వినడం తగదని ఉత్తరం విడుదల చేశారు. 1965లో వెనక్కి తీసుకున్నారు. కాబట్టి యాభయ్యో దశకపు కథలో వంటింట్లో ఏ స్టేషను మోగుతోందన్నది ఉత్త శబ్దం కాదు.

ఇప్పుడు 'పాత' అన్న మాట సంగతి. 1930ల నుంచి 50ల దాకా తీసిన డచ్ సినిమాల్లో ఈ విషయం సూటిగా దొరుకుతుందని వెతికితే నిరాశే. 1926 సినిమా చట్టం కింద 1928 నుంచి ప్రతి సినిమానూ కేంద్ర కమిటీ చూసి అందరికీ, 14 దాటినవారికి, 18 దాటినవారికి అని ముద్ర వేసేది, లేదా ఆపేసేది. అక్కడ గట్టెక్కినా బ్రబాంట్, లింబుర్ఖ్ ఊళ్ళలో కాథలిక్‌లు రెండోసారి చూసి కోసేవారు. దక్షిణంలో హాళ్ళు పోగొట్టుకోవడం ఏ నిర్మాతకూ గిట్టదు. ఖెరెఫోర్మేర్ట్ జనం ఎలాగూ హాలుకి రారు. బొమ్మ ఎవరి గురించో వాళ్ళు చూడరు, చూసేవాళ్ళు ఒప్పుకోరు, ఇక తీసేదెవరు? బెల్జియంలో 1920 చట్టం 16 ఏళ్ళలోపు పిల్లల్నే కట్టడి చేసింది, పెద్దల సినిమాకి సెన్సార్ లేదు. దాని బదులు కాథలిక్ సంస్థలు చర్చి గుమ్మం దగ్గర సినిమాలకు గ్రేడులు అంటించేవి. నెదర్లాండ్స్‌లో పెద్దల సెన్సార్ 1971లో 'బ్లూ మూవీ' అనే శృంగార సినిమా గొడవతో బీటలు వారి 1977లో చట్టం మారడంతో పోయింది. మీరు వెతుకుతున్న సినిమాలన్నీ దాదాపు 1971 నుంచి 1995 మధ్యవే. అలాంటి గట్టి మత ఇళ్ళలో పుట్టి బయటికొచ్చినవాళ్ళ నవలల మీద కట్టినవి వాటిలో చాలా ఉన్నాయి. ఇవి లెక్క తీర్చుకునే సినిమాలన్నది మనసులో ఉంచుకోండి, చర్చి వైపు వాదన వీటిలో పెద్దగా వినిపించదు.

మొదలుపెట్టాల్సింది 'మీరా' (1971). ఫోన్స్ రాడెమాకర్స్ తీశాడు, స్టైన్ స్ట్రోవెల్స్ 1927 నవలకు హ్యూగో క్లౌస్ స్క్రిప్టు రాశాడు. ఫ్లాండర్స్‌లో నది ఒడ్డున వాటర్‌హూక్ అనే పల్లె, అక్కడ వంతెన కట్టాలని పైవాళ్ళ నిర్ణయం, వద్దని ఊరి పెద్ద బ్రూకె పట్టుదల. అతని కొడుకు లాండర్‌కీ మీరాకీ మధ్య నడిచే మోహం ఒకవైపు, వంతెన ఇంజనీరు మీరా మీద పిచ్చెక్కడం ఇంకోవైపు. మనవాళ్ళు సరిగ్గా ఇక్కడే జారిపోతారు. లాండర్, మీరా ఒకే కుటుంబపు రక్తం. మేనరికం మామూలైన మన కంటికి అది అడ్డుగా కనపడదు, "చుట్టాలేగా, ఇంకా మంచిది" అనుకుంటాం. కాథలిక్ చట్టంలో దగ్గరి రక్తసంబంధం పెళ్ళికి నిషేధం, మినహాయింపు కోసం పైకి అర్జీ పెట్టుకోవాల్సిందే. ఆ ఊరు వాళ్ళిద్దర్నీ చూసే చూపులో ఉన్నది ఈర్ష్య ఒక్కటే కాదు. ఇది పట్టుకున్నాక రెండోసారి చూస్తే వేరే సినిమా. షూటింగ్ జరిగిన హమ్మె ఊళ్ళో దుర్మె నది మీది వంతెనకు ఇప్పుడు మీరా పేరే. మీరాగా వేసిన విల్లెకె ఫన్ అమ్మెల్‌రోయ్‌నీ, లాండర్‌గా వేసిన యాన్ దెక్లేర్‌నీ గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్ళీ పనికొస్తారు.

మధ్యయుగపు మూలం చూడాలనుంటే యోస్ స్టెల్లింగ్ 'మారికెన్ ఫన్ నీమేఖెన్' (1974). సినిమాకి ముందు 16వ శతాబ్దం మొదట్లో అచ్చయిన నాటకం కథ తెలుసుకోండి. ఫాదర్‌గారి ఇంట పెరిగిన పిల్ల ఏడేళ్ళు సైతానుతో కాపురం చేస్తుంది. ఆ సైతాను పెట్టే మొదటి షరతు పేరు మార్చుకోమని, ఎందుకంటే మారికెన్ అంటే చిన్న మరియ, ఆ పేరు వాడు పలకలేడు. ఆమె బతిమాలితే 'మ' అక్షరం ఒక్కటి ఉంచుకోనిస్తాడు, ఎమ్మెకెన్ అవుతుంది. ఆ ఒక్క అక్షరం పట్టుకునే మళ్ళీ పైకి వస్తుంది. స్టెల్లింగ్ సినిమాలో ఈ భక్తి కంటే బురదా రోగమూ ఎక్కువ. నాటకం తెలియకుండా చూస్తే అది వట్టి భయానకంగా మిగులుతుంది.

కాల్వినిస్టు ఇళ్ళ సినిమాలకు వేరే పద్ధతి కావాలి. కాథలిక్ సినిమాలో పాపం కంటికి కనిపిస్తుంది: విగ్రహం, కొవ్వొత్తి, రక్తం, అంగీ. కాల్వినిస్టు చర్చిలో తెల్లగోడలు, మధ్యలో ప్రసంగ వేదిక, కీర్తనల నంబర్ల పలక తప్ప చూడ్డానికేమీ ఉండదు. అక్కడ పాపం చెవికి వినిపిస్తుంది. క్షమించమని అడగడానికి మధ్యలో గురువు లేడు, మరియమాత లేదు, మనిషికీ దేవుడికీ మధ్య వాక్యం ఒక్కటే. ఆ వాక్యం తండ్రి గొంతుతో తలలో తిరుగుతూ ఉంటుంది. ఆటె డె యోంగ్ తీసిన 'ఎన్ ఫ్లుఖ్ట్ రేఖెన్‌వుల్పెన్' (1981) దీనికి పాఠ్యపుస్తకం లాంటిది. మార్టెన్ ట్ హార్ట్ నవల, యెరోన్ క్రాబే హీరో. శాస్త్రజ్ఞుడు, ముప్పై దాటాడు, ఆడమనిషిని తాకలేదు. వారంలోగా ఆ గీత దాటకపోతే చచ్చిపోతానని తలలో పడుతుంది. ఇందులో అడ్డుపడే తండ్రి లేడు, ఊరు లేదు, ఎవరూ వద్దనలేదు. "మరి వెళ్ళి మాట్లాడొచ్చుగా" అని విసుగొస్తుంది చూసేవాళ్ళకు. ఆ విసుగు పుట్టిన చోట శబ్దం మీద దృష్టి పెట్టండి.

అదే నేల మీద ఇంకో రకం పాల్ వెర్హోవెన్ 'స్పెటర్స్' (1980). ముగ్గురు మోటార్‌సైకిల్ కుర్రాళ్ళు, వాళ్ళలో ఏఫ్ తండ్రి బైబిల్ పట్టుకుని కొట్టే రకం, ఏఫ్‌కి మగవాళ్ళ మీద ఇష్టం. ఆ ఇష్టాన్ని దాచుకోవడానికి అలాంటివాళ్ళనే కొట్టి డబ్బు లాగుతుంటాడు. తన మీద అత్యాచారం జరిగాక ఏఫ్ తన నిజం తాను ఒప్పుకున్నట్టు చూపడం మీద అప్పట్లో పెద్ద నిరసన నడిచింది, సినిమాకి వ్యతిరేకంగా ఒక కమిటీయే పుట్టింది. ఆ అభ్యంతరం సబబే. ఆ ముక్క ఇప్పుడు చూస్తే ఇంకా ఇబ్బందిగా ఉంటుంది. తండ్రీకొడుకుల సన్నివేశాలు మాత్రం చెక్కుచెదరలేదు.

పీటర్ వెర్‌హోఫ్ 'హెట్ టేకెన్ ఫన్ హెట్ బేస్ట్' (1980) తక్కువమంది చూసేది, వదలకండి. 1929 జనవరి 18న ఖ్రోనింగెన్ ప్రాంతంలో నిజంగా జరిగిన ఘటన. భర్త జైల్లో ఉన్న, ఆరుగురు పిల్లల తల్లి ఒకామె ఇల్లు వదిలి ఈయ్యె వైక్‌స్ట్రా అనే అతని దగ్గర ఉంటుంది. పిల్లల్ని వదిలేసిందని ఆమెను తీసుకుపోవడానికి వచ్చిన నలుగురు పోలీసుల్ని అతను చంపేశాడు. పేరు ప్రకటన గ్రంథంలోని మృగము ముద్ర. ఇందులో చర్చి తెర మీద పెద్దగా కనపడదు, చర్చి తీర్పుని చట్టం మోసుకొస్తుంది.

నూష్కా ఫన్ బ్రాకెల్ 'ఫన్ డె కూలె మేరెన్ డెస్ డోట్స్' (1982) 1900లో వచ్చిన నవల. చిన్నప్పుడే తన ఒళ్ళంటే తనకే పాపమని నేర్పిన పిల్ల పెళ్ళి, పరాయి ప్రేమ, మార్ఫిన్, పిచ్చి దాకా వెళుతుంది. ప్రధాన పాత్ర రెనే సౌటెన్‌డైక్. మొదటి అరగంటే కీలకం, తర్వాతిదంతా దాని వడ్డీ.

ఎక్కువసేపు కూర్చోవాల్సింది వెర్హోవెన్‌దే 'డి ఫీర్డ మన్' (1983), అంటే నాలుగో మనిషి. ఖెరార్ద్ రేవె నవల. రేవె సంగతి ముందు తెలియాలి: కమ్యూనిస్టు ఇంట్లో పుట్టి, మగవాళ్ళను ప్రేమించి, 1966లో కోరి కాథలిక్‌గా చేరినవాడు. దేవుడు గాడిదగా తిరిగొస్తే ఎంత ప్రేమిస్తానో రాసినందుకు దైవదూషణ కేసు ఎదుర్కొని 1968లో నిర్దోషిగా బయటపడ్డాడు. వెనక ఉన్నది 1932 చట్టం, దాన్ని రద్దు చేసింది 2014లో. కథలో తాగుబోతు రచయిత ఖెరార్ద్ (క్రాబే) ఫ్లిసింగెన్‌లో ప్రసంగానికి వెళ్ళి, క్రిస్టీన్ అనే బ్యూటీ సెలూన్ యజమానురాలి ఇంట మకాం వేస్తాడు, కానీ మనసంతా ఆమె ప్రియుడు హెర్మన్ మీద. సెలూన్ బోర్డు చూడండి: 'స్ఫింక్స్' అని నియాన్ అక్షరాలు, అందులో కొన్ని ఆరిపోతే మిగిలేది 'స్పిన్', డచ్‌లో సాలీడు. సబ్‌టైటిల్ ఇది చెప్పకపోతే మొదట్లోనే వేసిన సాలీడు సంకేతం జారిపోతుంది. తర్వాత చర్చి సన్నివేశం. సిలువ మీద క్రీస్తు ఉండాల్సిన చోట ఖెరార్ద్‌కి హెర్మన్ కనపడతాడు, వెళ్ళి తడుముతాడు. దైవదూషణ కోసం పెట్టిన షాట్ అని కొట్టిపారేస్తే సినిమా పోతుంది. చర్చి నిషేధించిన కోరికను చర్చి ఇచ్చిన బొమ్మలోనే పోసుకోవడం తప్ప ఆ మనిషికి వేరే భాష లేదు. నీలం దుస్తుల్లో బిడ్డతో పదే పదే కనిపించే ఆడమనిషి ఎవరో కాథలిక్ పటాలు చూసినవారికి చెప్పక్కర్లేదు. నీలం మరియమాత రంగు. ఆమె వచ్చినప్పుడల్లా సమయం రాసుకోండి, ప్రతిసారీ ఏదో ప్రమాదం తప్పుతుందో, తప్పబోతుందో.

ఫ్లాండర్స్‌కి మళ్ళీ వస్తే 'డాన్స్' (1992), స్టైన్ కోనింక్స్. నాట్యం కాదు, ఇంటిపేరు. 1890ల ఆల్స్ట్ ఊరి నూలుమిల్లులు, కూలీల వైపు నిలబడి 1894లో పార్లమెంటుకి ఎన్నికైన ఫాదర్ ఆడోల్ఫ్ డాన్స్. ఆయన పాత్ర యాన్ దెక్లేర్‌ది. లోపల ఒక ప్రేమకథ ఉంది: కాథలిక్ మిల్లు పిల్ల నెట్టె, సోషలిస్టు యువకుడు యాన్ డె మేటర్. ఇద్దరూ ఒకే ఊరు, ఒకే కూలి, ఒకే ఆకలి, అయినా బలిపూజకు రానివాడితో మాట్లాడటమే తప్పు. ఇక్కడ సబ్‌టైటిల్ దాచేసేది భాష మార్పు. మిల్లు యజమానులూ పెద్ద గురువులూ ఫ్రెంచి, కూలీలు ఆల్స్ట్ యాస. ఏ వాక్యం ఏ భాషలో అన్నారో గమనిస్తే బిషప్ ఎవరి మనిషో అర్థమవుతుంది. ఆస్కార్‌కి నామినేట్ అయింది. అన్నిట్లోకీ తేలిగ్గా అర్థమయ్యేది ఇదే, 'మీరా' కష్టమనిపిస్తే దీంతో మొదలుపెట్టినా నష్టం లేదు.

చివరిది మార్లేన్ ఖోరిస్ 'ఆంటోనియా' (1995), ఉత్తమ విదేశీ చిత్రం ఆస్కార్ గెలిచింది. యుద్ధం తర్వాతి కాథలిక్ పల్లె. అడిగినవారు వెతుకుతున్న కాథలిక్–ప్రొటెస్టెంట్ ప్రేమ ఇందులో అతి చిన్న ముక్కగా ఉంది. పిచ్చి మడోన్నా అని పిలిచే ఒకామె మేడ మీద, ఊరంతా 'ప్రొటెస్టెంట్' అని మాత్రమే పిలిచే ఒకతను కింద. ఆమె కాథలిక్ కాబట్టి పెళ్ళి కుదరదు. పున్నమి రాత్రి ఆమె కిటికీ తీసి చంద్రుణ్ణి చూసి తోడేలులా ఊళ వేస్తుంది, కింద అతను వింటూ ఉంటాడు. ఒక దూలం మందం ఉన్న నేల ఇద్దరి మధ్య, జీవితాంతం. ఊరివాళ్ళకు అతని పేరు కూడా అక్కర్లేకపోయింది, శాఖ పేరు సరిపోయింది. ఇది నవ్వు పుట్టించేలా తీశారు, అందుకే చాలామంది దాటేసిపోతారు. ఇదే సినిమాలో వేదిక మీద నీతులు చెప్పే ఫాదర్ పాపసంకీర్తన పెట్టె దగ్గర చేయరాని పనిలో దొరికిపోతాడు, మరుసటి ఆదివారం ప్రసంగం స్వరం మారిపోతుంది. చిన్న ఫాదర్ మాత్రం అంగీ వదిలేసి, సంసారం పెట్టుకుని, పిల్లల్ని కంటూ హాయిగా ఉంటాడు. ఆంటోనియాగా వేసింది విల్లెకె ఫన్ అమ్మెల్‌రోయ్, ఆమెను పెళ్ళాడతానని వచ్చే రైతు బాస్ యాన్ దెక్లేర్. 1971లో ఊరు కలవనివ్వని అదే జంట. ఈసారి ఆమే పెళ్ళి వద్దంటుంది, మిగతాది మాత్రం కానిమ్మంటుంది. ఈ రెండింటినీ మొదటా చివరా పెట్టమనడం ఇందుకే.

కాపీల సంగతి. డచ్ డీవీడీలు రీజియన్ 2, మన ప్లేయర్లు రీజియన్ 5. మల్టీ రీజియన్ ప్లేయరో, కంప్యూటర్‌లో వీఎల్‌సీనో కావాలి. వెనక అట్ట మీద 'ఒండర్‌టీటెలింగ్' అన్న మాట పక్కన 'ఎంగెల్స్' ఉందో లేదో చూసి కొనండి (మార్క్స్ స్నేహితుడు కాదు, ఇంగ్లీషు). 'నేడర్‌లాండ్స్' ఒక్కటే ఉంటే అది చెవిటివారి కోసం పెట్టిన డచ్ అక్షరాలు, భాష రానివారికి పనికిరాదు. నిడివి తక్కువుందని కోసేశారని కంగారు పడకండి. సెకనుకి 24 ఫ్రేముల సినిమాని పాల్ (PAL) అనే వీడియో పద్ధతి డీవీడీలో 25తో నడిపిస్తారు, నూటికి నాలుగు నిమిషాలు తగ్గుతుంది. 102 నిమిషాల 'డి ఫీర్డ మన్' 98 దగ్గర ముగిస్తే అది పూర్తి కాపీయే, 90 అయితే అనుమానించాలి. గొంతులు కూడా ఒక పిసరు సన్నగా వినిపిస్తాయి. పునరుద్ధరించిన ప్రతుల కోసం నెదర్లాండ్స్‌వైతే ఆమ్‌స్టర్‌డామ్‌లోని ఐ ఫిల్మ్ మ్యూజియం, ఫ్లాండర్స్‌వైతే బ్రస్సెల్స్‌లోని సినెమాటెక్ కార్యక్రమాలు చూస్తుండండి. ఇంగ్లీషు డబ్బింగ్ కాపీ దొరికితే ఉచితమైనా వద్దు. దోమినే, పస్తోర్, ఫ్రెంచి, యాస, పైన చెప్పిన గుర్తులన్నీ అందులో చెరిగిపోతాయి.

పిల్లలతో అంటే 'డాన్స్' ఒక్కటే, అదీ పన్నెండు పదమూడేళ్ళు దాటాక. మిల్లుల్లో పిల్లల చావులున్నాయి, ముందే చెప్పి కూర్చోబెట్టండి. 'మీరా'లో నగ్నత్వం ఉంది. 'ఆంటోనియా' పోస్టర్ చూసి కుటుంబ చిత్రమనుకుంటారు, అందులో అత్యాచార సన్నివేశాలున్నాయి. 'స్పెటర్స్', 'డి ఫీర్డ మన్' పెద్దవాళ్ళు ఒంటరిగా చూసేవి.